నీలిమందు దొర మునిమనవరాలు

మా పక్కింటి పెద్దావిడ పోయారన్న కబురు నాకు రాలేదు. మా అమ్మాయికి వచ్చింది. శనివారం పొద్దున్న నేను దోసెలు పోస్తుంటే దాని మొబైల్ మోగింది. చేసింది టౌరంగాలో ఉండే ఆవిడ మేనకోడలు. మా అమ్మాయి వింటూ వింటూ వంటింటి నేల మీద కూర్చుండిపోయి, "మమ్మీ, నానా ఇక లేదు" అంది. పెద్దావిడని అది అలాగే పిలిచేది. ఆవిడ ఆస్పత్రిలో ఉన్నారని తెలుసు. వారం నుంచీ పరిస్థితి బాగాలేదనీ తెలుసు. అయినా ఆ క్షణంలో నాకు ముందు వచ్చింది దుఃఖం కాదు. ఏడేళ్ళు పక్కపక్క ఇళ్ళలో ఉన్నాం, రోజూ చారు కాచి ఆస్పత్రికి మోసింది నేను, ఫోన్ మాత్రం పదిహేనేళ్ళ పిల్లకా అనుకున్నాను. పెనం మీద దోసె మాడిపోయింది. ఏడుపు ఆ తర్వాత వచ్చింది.

ఈ సంగతి దాచి, మంచి మాటలు నాలుగు రాసి ఊరుకుందామనుకున్నాను. కానీ దాస్తే ఆవిడ గురించి నిజంగా చెప్పినట్టు కాదు. ఆవిడని చూసి నేను చాలాకాలం కుళ్ళుకున్నాను. ఎందుకో చెబితేనే ఆవిడ ఎలాంటి మనిషో తెలుస్తుంది.

డెయిరీ ఫారాలకి సాఫ్ట్‌వేర్ చేసే కంపెనీలో మా ఆయనకి ఉద్యోగం వచ్చి మేం న్యూజిలాండ్‌లోని హామిల్టన్‌లో దిగిన మొదటి వారమే ఆవిడ మమ్మల్ని టీకి పిలిచారు. అప్పటికే డెబ్బై దాటారు. పెళ్ళి చేసుకోలేదు. జాగ్రఫీ టీచరుగా పనిచేసి రిటైరయ్యారు. పొడుగాటి మనిషి, మోచేతుల దగ్గర చిరిగిన స్వెటరు, చెవి మీద ఎప్పుడూ ఒక పెన్సిలు. ఆ రోజు మేనకోడలు కూడా వచ్చి ఉంది. ఆవిడ కప్పులో టీ పోస్తుంటే ఆ అమ్మాయి చెయ్యి అడ్డం పెట్టి, "చాల్, చాల్" అంది.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయనా నావైపే చూస్తున్నారు.

"ఏమన్నారు?" అని అడిగాను.

"అదా? మా ఇంటి మాటలే. టీ ఇక వద్దనడానికి మా తాతగారి రోజుల నుంచీ అలాగే అంటాం. మావాళ్ళెవరో సరదాకి పుట్టించి ఉంటారు" అన్నారు పెద్దావిడ.

"అది తెలుగు మాటండీ" అన్నాను.

ఆవిడ కెటిల్ బల్ల మీద పెట్టేశారు. తర్వాత లోపలికి వెళ్ళి పాత సూట్‌కేసంత పెద్ద అట్టపెట్టె పట్టుకొచ్చారు.

ఆవిడ ముత్తాత గోదావరి జిల్లాలో, కాలువ ఒడ్డున నీలిమందు తోటలు వేయించిన దొర. ఆయన వీలునామాకి నకలు లండన్ నుంచి రాయించి తెప్పించుకున్నారావిడ. ఆయన కొడుకు, అంటే ఆవిడ తాతగారు, నీలిమందు వ్యాపారం దెబ్బతిన్నాక ఓడెక్కి ఈ దేశం వచ్చి ఇక్కడి వైకాటో ప్రాంతంలో ఆవుల్ని పెంచారు. ఆయన వీలునామా ఒకటి, ఆవిడ తండ్రిది మరొకటి. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టుకుని, ఎవరికి ఏమిచ్చారో, ఎవరి పేరు వదిలేశారో చూస్తూ ఆవిడ తన వంశవృక్షమంతా గీసుకున్నారు. ఎవరైనా సందు పూరించడానికి సలహా ఇస్తే ఒప్పుకునేవారు కాదు. "తెలియకపోతే తెలియదని రాయి. ఊహించి రాస్తే పదేళ్ళకి అదే నిజమై కూర్చుంటుంది" అనేవారు.

నీలిమందు దొర తన వీలునామాలో గుర్రాన్ని తమ్ముడికీ, గడియారాన్ని పెద్దకొడుక్కీ ఇచ్చాడు. వంటవాడు రామసామికి ఒక గొడుగు, రెండు దుప్పట్లు. తనని భార్య పక్కన, చిన్నప్పుడే జ్వరంతో పోయిన ఇద్దరాడపిల్లల పక్కన పూడ్చమన్నాడు.

ఆ రామసామి పేరు విన్నప్పుడు మొదలైంది నా కుళ్ళు. పరాయివాడి కాగితంలో అయినా సరే, వంటవాడి పేరు నిలిచింది. మా ముత్తాత పేరు ఏ కాగితంలో ఉంది? మావాళ్ళు చనిపోయినవాళ్ళని కాల్చి, బూడిద గోదావరిలో కలిపి, స్నానం చేసి ఇంటికి వచ్చేవారు. రాయీ లేదు, రాతా లేదు.

ఇంతవరకూ అయితే మనసులోనే ఉండిపోయేదేమో. కానీ మా అమ్మాయి ఆ పెట్టె చుట్టూ తిరగడం మొదలుపెట్టింది. బడి నుంచి వస్తూనే బ్యాగు మా గుమ్మంలో విసిరి కంచె సందులోంచి అటు దూరేది. ఇక్కడి పిల్లలు అమ్మమ్మనీ నానమ్మనీ నానా అంటారు. ఇదీ ఆవిడని నానా అనేది. కాకినాడ నుంచి మా అమ్మ ఒకసారి ఫోన్‌లో ఆ పిలుపు విని, "తండ్రిని ఎంత ముద్దుగా పిలుస్తోందే!" అని మురిసిపోయింది. నేను సంగతి చెప్పాను. "మరి నన్నేమంటుందే?" అంది అమ్మ.

మా అమ్మాయి మా అమ్మని ఏమనీ పిలిచేది కాదు. ఫోన్ ఇస్తే "బాగున్నా, నువ్వు బాగున్నావా?" అని చెప్పి నా చేతిలో పెట్టేసేది. అదే పిల్ల పక్కింటి బల్ల దగ్గర కూర్చుని, భూతద్దంతో పాత దస్తూరీ చదివి, ఎవరెప్పుడు పుట్టారో గడగడా ఒప్పజెప్పేది. కిటికీలోంచి రెండు తలలూ కనబడేవి, ఒకటి తెల్లగా, ఒకటి నల్లగా. నేను పరదా లాగేసేదాన్ని.

బడిలో కుటుంబ చరిత్ర రాసుకు రమ్మన్నారు. మా అమ్మాయి పెద్ద చార్టు మీద చెట్టు బొమ్మ గీసి, కొమ్మకొకరు చొప్పున పేర్లు రాసింది. చూస్తే అన్నీ పక్కింటివాళ్ళ పేర్లు.

"ఇదేంటే? మనవాళ్ళేరీ?"

"మమ్మీ, మనకేం లేదు కదా. నో పేపర్స్, నో గ్రేవ్స్. టీచర్ ఓకే అన్నారు."

నేను చార్టు తీసుకుని చింపబోయాను. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఆ సాయంత్రమే మూలనున్న కొట్టుకి వెళ్ళి కాలింగ్ కార్డు కొనుక్కొచ్చి మా అమ్మకి చేశాను. "అమ్మమ్మ వాళ్ళమ్మ పేరేంటమ్మా?" అని అడిగాను. "ఏమోనే, అందరూ పెద్దమ్మి అనేవారు. అసలు పేరు నాకేం తెలుసు? అయినా ఇప్పుడెందుకే?" అంది. అప్పుడు ఏడ్చానంటే ఎవరూ నమ్మరు.

ఆ మరుసటి ఏడాది మా తమ్ముడి పెళ్ళికి నేనొక్కదాన్నే ఇండియా వెళ్ళాను. బయల్దేరే ముందు పెద్దావిడ ఒక ఉత్తరం చూపించారు. గోదావరి జిల్లాలో ఆ దొరని పూడ్చిన ఊరి చర్చి వాళ్ళు రాసింది. పాత సమాధుల తోట మీదుగా రోడ్డు వెడల్పు చేయాల్సి వచ్చిందనీ, సమాధుల్ని చర్చి ఆవరణలోకి మార్చామనీ ఉంది. "ఒక్క ఫొటో చాలు. వీలైతే పిల్లల రాళ్ళ మీద మట్టి తుడు" అని మెత్తటి బ్రష్ ఒకటి చేతిలో పెట్టారు. కాదనలేక పుచ్చుకున్నాను.

పెళ్ళయ్యాక తమ్ముడి స్కూటరు మీద వెళ్ళాం. చర్చి వెనక ప్రహరీగోడకి నాలుగు రాళ్ళు ఆనించి ఉన్నాయి. దొరదీ, భార్యదీ పెద్దవి. పిల్లలవి రెండూ పీటలంత ఉన్నాయి, ఒకటి మధ్యకి పగిలింది. నేను మట్టి తుడుస్తుంటే వాచ్‌మన్ వచ్చాడు. ముసలాయన.

"తమరి చుట్టాలాండీ?"

"కాదు. మాకు తెలిసినవాళ్ళవి."

"రాళ్ళే వచ్చాయండమ్మా. మనుషులు అక్కడే ఉండిపోయారండి. తవ్వలేదండి, ఆయ్. నేనప్పుడు ఇక్కడే ఉన్నానండి. రాళ్ళు బండికెత్తి తెచ్చేసి, అక్కడ కంకర పోసేశారండి."

ఎక్కడో చూపించమన్నాను. తీసుకెళ్ళాడు. లారీలు పోతున్నాయి. రోడ్డు ఆ పక్క నుంచి ఈ పక్కకి చూస్తూ నిలబడ్డాను. నాకు లోపల సంతోషమే కలిగింది. ఆ మాట రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, నిజం అదే. అన్ని కాగితాలున్నా, చివరికి ఆవిడకీ ఏమీ లేదన్నమాట అనుకున్నాను.

తిరిగొచ్చాక ఫొటోలు పట్టుకుని పక్కింటికి వెళ్ళాను. మా అమ్మాయి అక్కడే ఉంది. పెద్దావిడ ఒక్కో ఫొటో మీదా వేలు ఆనించి పేర్లు చదువుకుంటున్నారు. మెల్లగా చెప్పొచ్చు. కొన్నాళ్ళాగి చెప్పొచ్చు. అసలు చెప్పకుండానే ఉండొచ్చు. నేను మాత్రం, "వాటి కింద ఎవరూ లేరండీ. రాళ్ళే మార్చారు. వాళ్ళు రోడ్డు కింద ఉన్నారు" అనేశాను.

ఆవిడ కళ్ళజోడు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

"ఆ రోడ్డు మీద నీడ ఉందా?" అని అడిగారు.

"లేదు. లారీలు తిరుగుతుంటాయి."

"పిల్లలు నిద్రపోయే చోటు కాదు" అన్నారు. అంతే. లేచి కెటిల్ పెట్టడానికి వెళ్ళారు. వెనక నుంచి చూస్తే మొదటిసారి ముసలావిడలా కనిపించారు.

ఇంటికొచ్చాక మా అమ్మాయి, "యూ వాంటెడ్ టు హర్ట్ హర్. నేను చూశాను నీ ఫేస్" అంది. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

అయిదో రోజు నేను బట్టలు ఆరేస్తుంటే ఆవిడ కంచె దగ్గరికి వచ్చారు. చేతిలో గిన్నెడు ఫెజోవా పళ్ళు, మన జామపళ్ళలా ఉంటాయి. ఇక నన్ను గడప తొక్కనివ్వరనుకుంటున్నానేమో, ఆరేసిన దుప్పటినే మళ్ళీ మళ్ళీ సర్దాను.

"నీకు థాంక్స్ చెప్పాలి. ఇంకెవరైనా అయితే నా వయసు చూసి దాచేసేవారు. నేను వాళ్ళ పేర్ల పక్కన 'చర్చి ఆవరణ' అని రాసుకున్నాను. దిద్దుకున్నాను" అన్నారు.

"నేను మంచికి చెప్పలేదండీ" అన్నాను. ఎలా వచ్చిందో తెలియదు ఆ మాట. "మీరంటే నాకు కుళ్ళు. మీ దగ్గర అన్నీ ఉన్నాయి. మా అమ్మాయి కూడా మీ దగ్గరే ఉంటుంది."

ఆవిడ గిన్నె కంచె మీద ఆనించి నిలబడ్డారు. కోపం రాలేదు, నవ్వూ రాలేదు.

"ఆదివారం సాయంత్రాలు నువ్వు మీ అమ్మతో ఫోన్‌లో అరుస్తూ మాట్లాడతావు చూడు, అది నాకు మా వంటింట్లోకి వినబడుతుంది. ఒక్క ముక్క అర్థం కాదు. అయినా రేడియో కట్టేసి వింటాను. నేను ఏదైనా అడగాలంటే లండన్‌కి ఉత్తరం రాసి ఆరునెలలు చూడాలి. నువ్వు అడిగితే వెంటనే పలికే మనిషి ఉంది. నాకెంత కుళ్ళుగా ఉంటుందో తెలుసా?"

ఆ వచ్చే ఆదివారం ఆవిడ మా ఇంట్లో ఉన్నారు. ఫోన్ స్పీకరులో పెట్టాం. ఆవిడ ఇంగ్లీషులో అడగడం, మా అమ్మాయి దాన్ని తన వచ్చీరాని తెలుగులోకి మార్చి అమ్మమ్మని అడగడం, మా అమ్మ చెప్పింది నేను సరిచేయడం. మొదట్లో "నాకేం తెలుసు" అన్న మా అమ్మ నెల తిరిగేసరికి తనే ఊళ్ళకి ఫోన్లు చేసి, తొంభై ఏళ్ళ మేనత్తని పట్టుకుని, సమాచారం పోగుచేయడం మొదలుపెట్టింది. పెద్దమ్మి అసలు పేరు చిట్టెమ్మ అని తేలింది. తాటాకు చాపలు అల్లేదట, ఎడమచేతి వాటమట. ఆ రోజు ఫోన్‌కి ఇవతల మా అమ్మాయి, "అమ్మమ్మా, నేను కూడా లెఫ్టే!" అని అరిచింది. మా అమ్మని అది అమ్మమ్మా అనడం నేను వినడం అదే మొదలు.

కుళ్ళు పోయిందా అంటే, లేదు. మా అమ్మ అప్పట్నుంచీ ఫోన్ ఎత్తగానే "ఆవిడొచ్చిందా?" అని అడిగేది. నా క్షేమం తర్వాత.

ఒకసారి మా అమ్మాయి, మావాళ్ళెవరైనా మీ ముత్తాత తోటలో పనిచేశారా అని ఆవిడని అడిగింది. "తెలియదు. ఆ నీలిమందు తొట్లలో దిగి తొక్కినవాళ్ళ పేర్లు ఆయన రాయలేదు. ఒక్క రామసామి పేరు రాసి మిగతా అందరినీ వదిలేశాడు. అది నాకు సిగ్గుగానే ఉంటుంది" అన్నారు. తన చార్టులో ముత్తాత పేరు పక్కన ఖాళీ గడి ఒకటి గీసి, "తెలియదు" అని రాశారు.

అంత్యక్రియలు అయిన రెండు వారాలకి లాయరు దగ్గర నుంచి ఉత్తరం వచ్చింది, మా అమ్మాయి పేరు మీదే. ఆవిడ వీలునామాలో ఆ పెట్టె దానికి రాశారు. నాకేమీ రాయలేదు. ఇంత వయసొచ్చినా, ఆ ఉత్తరంలో నా పేరు కోసం రెండుసార్లు వెతికాను.

పెట్టె తెరిస్తే పైనే ఉన్న ఫైలు వాళ్ళది కాదు, మాది. దొర వంశానికి ఎలా చేశారో మాకూ అలాగే, తరాలకి అంకెలు వేసి, ఎవరు చెప్పారో, ఏ ఆదివారం చెప్పారో రాసి, శుభ్రంగా టైపు చేసి పెట్టారు. ప్రతి ఇంగ్లీషు పేరు కిందా ఒక ఖాళీ గీత ఉంది. మొదటి పేజీ అంచున పెన్సిలుతో, "తెలుగులో రాయాలి. వాళ్ళమ్మని అడిగి రాయాలి" అని ఉంది.

మా అమ్మాయికి తెలుగు చదవడం రాదు, రాయడం రాదు. నేర్పబోతే ఎన్నోసార్లు పారిపోయింది. నిన్న సాయంత్రం తనంతట తనే పెన్సిలు చెక్కుకుని, వంటింటి బల్ల దగ్గర నా పక్కన కూర్చుని, "చి ఎలా రాస్తారు, మమ్మీ?" అంది. చూపించాను. ట కింద ట ఒత్తు చూపించాను. ఎడమచేత్తో, నాలుక పంటికింద పెట్టుకుని, ఒక్కో అక్షరం రాసుకుంటూ పోయింది. అక్షరాలన్నీ కుడిపక్కకి వాలుతున్నాయి. ఆ వాలు నాది కాదు, మా అమ్మది కాదు. ఏడేళ్ళు పక్కింటి బల్ల దగ్గర కూర్చుని నేర్చుకున్న దస్తూరీ అది. తెలుగు అక్షరం గుండ్రంగా, నిటారుగా ఉండాలే అని నోటిదాకా వచ్చింది. ఊరుకున్నాను. అది అలా వాలుగానే చిట్టెమ్మ అని రాసి, కాగితం మీది రబ్బరు పొట్టు ఊది, కింది గీత మీదికి వెళ్ళింది.