నా నంబర్ మీద స్టిక్కర్

పొద్దున హనుమకొండ బయట మా వెంచర్ దగ్గర ఆటో దిగగానే ఫ్లెక్సీ కనిపించింది. నా ఫోన్ నంబర్ మీద, మా ఆఫీసులోనే పనిచేసే రమేష్ నంబర్ స్టిక్కర్ అంటించారు. అదీ వంకరగా.

మొదట ప్లాటు చూపించినవాళ్లదే కస్టమర్. మా పనిలో అందరూ ఒప్పుకున్న పద్ధతి ఇది. కేసముద్రం దంపతులను ఎండలో హద్దురాళ్ల వెంట తిప్పింది నేను. ఈ రోజు వాళ్లు ప్లాటు ఖాయం చేసుకోవడానికి వస్తే, పక్కన కూర్చున్నది రమేష్.

వాళ్లు వెళ్లాక ఇదేంటని మా యజమానిని అడిగాను.

"మీ ఆయనకు మళ్ల ట్రాన్స్‌ఫర్ అయితాందట గద బిడ్డా? రేపు రిజిస్ట్రేషన్ అప్పుడు వాళ్లు నిన్ను ఏడ దేవులాడాలె?" అన్నాడు.

"ట్రాన్స్‌ఫర్ ఆయనకు సార్. నాకు కాదు."

"గట్లనా! మొగడొక ఊర్ల, పెండ్లమొక ఊర్లనా?"

ఆయనా, పక్కనే ఉన్న రమేషూ ఇద్దరూ నవ్వారు.

కర్నూలులో, నిజామాబాద్‌లో నా కస్టమర్లను నేనే వేరేవాళ్లకు అప్పగించి వచ్చాను. ఇక్కడ అప్పగించను. రేపు ఆ దంపతులకు నేనే ఫోన్ చేస్తాను. మీరైతే ఏం చేసేవారో కామెంట్లలో చెప్పండి. "సర్దుకుపో" అని మాత్రం రాయకండి, అది ఇంట్లో రోజూ వింటున్నాను.

ఈ ట్రాన్స్‌ఫర్ మా ఆయనే అడిగి మరీ వేయించుకుంటున్నారు.