ఆటల సారు చీటీ

ఆటల సారు రఫీయుద్దీన్ రోజూ తెల్లవారుజాము ఫజర్ నమాజు కాగానే, గల్ఫ్‌లో ఐన్ ఖాలిద్ పేటలోని తన గదిలో, కాలేజీ జట్లకు ఆడాలనుకునే పిల్లల మార్కుల కాగితాలు పరుచుకుని, కాలేజీలు అడిగిన సబ్జెక్టులన్నీ ఉన్నాయో లేదో వేలు పెట్టి సరిచూసేవారు. ఆవేళ పరుగుల్లో బడిలో అందరికన్నా ముందుండే మహెక్ కాగితం దగ్గర ఆ వేలు ఆగింది. సైన్సు ప్రయోగాల తరగతి లేదు. అది లేనిదే ఆమెను జట్టులో చేర్చుకోరు. నిరుడు ఎండ ముదరకముందే ఉరికించాలని, ఆ తరగతి గంటలో ఆమెను మైదానానికి పంపమంటూ చీటీలు రాసిచ్చింది తానే.

బడిలో మహెక్‌కు విషయం చెప్పి, "నా చేత్తోనే నీ దారి మూసిన బిడ్డా" అని నుదురు కొట్టుకున్నారు. మహెక్ ఆయన చేతికి చాయ్ అందించి, "ముందు ఇది తాగుండ్రి సార్" అంది. ఆయన తాగకుండానే పక్కన పెట్టి సైన్సు టీచరు మాలతి దగ్గరికి పోయారు.

"అప్పుడు చీటీలు వద్దంటే విన్నారా సారూ?" అందామె.

"ఇనలే మేడం. నా తప్పు పిల్ల మీద పెట్టకుండ్రి. పరీక్షలదాకా అన్నం బెల్లులో దానికి ప్రయోగాలు చేయించుండ్రి. బదులుగ మీ బస్సు డ్యూటీ నేను చేస్త."