మామగారి మాత్రలు

ఇన్నేళ్లుగా ఈ బరువు నేనొక్కణ్ణే మోస్తున్నాను. నా భార్యకు కూడా తెలియదు. మీరెవరో నాకు తెలియదు గనుక మీకు చెప్పగలుగుతున్నాను.

కరోనా మూడోసారి వచ్చినప్పటి మాట. బావమరిది నిశ్చితార్థానికి రేపల్లెలో అత్తవారింట్లో కలిశాం. బాపట్ల నుంచి మేము, తెనాలి నుంచి మా తోడల్లుడు, మరదలు. అతను డాక్టరు. నేను కాలేజీలో లెక్కలు చెబుతాను. ఆ ఇంట్లో అతను వస్తే అందరూ లేచి నిలబడేవారు. నేను వస్తే కుర్చీ చూపించేవారు. పెద్దల్లుణ్ణి నేను కదా? ఒళ్లు మండేది.

వేడుక అయిన వెంటనే నాకూ మామగారికీ జ్వరం వచ్చింది. పరీక్ష చేయిస్తే ఇద్దరికీ కరోనాయే. ఇద్దర్నీ మేడ మీద గదిలో ఉంచారు. తోడల్లుడు మామగారికి వైరస్‌ను అణిచే మాత్రలు తెప్పించాడు. ఆయనకు షుగరు, గుండె జబ్బు ఉన్నాయి కాబట్టి ముదరకముందే వేసుకోవాలన్నాడు. నేను వయసులో ఉన్నాను, ఏ జబ్బూ లేదు, ఈ కాస్త జ్వరానికి అవి అక్కర్లేదు, పారాసిటమాల్ వేసుకుని విశ్రాంతి తీసుకుంటే చాలన్నాడు. అందులో తప్పేముంది? ఇప్పుడు చూస్తే ఏమీ లేదు. అప్పుడు మాత్రం పంక్తిలో అందరికీ వడ్డించి నన్ను దాటిపోయినట్టు అనిపించింది.

అలిగాను. అన్నం మానేసి, గోడవైపు తిరిగి పడుకున్నాను.

"ఏంటి అల్లుడు గారూ, అన్నం ముట్టలేదు?" మామగారు తన మంచం మీద నుంచి అడిగారు.

"నాకెందుకులెండి. నాకు మందు కూడా దండగే అన్నారుగా మీ డాక్టరల్లుడు."

ఆయన లేచి వచ్చి మాత్రల డబ్బా నా దిండు పక్కన పెట్టారు.

"మీరు వేసుకోండి బాబూ. నాకు బాగానే ఉంది. చిన్నల్లుడు గారికి చెప్పకండి, బాధపడతారు."

ఆయన ఆయాసపడుతూనే ఆ మాట అన్నారు. నేను విన్నాను. అయినా తీసుకున్నాను. నాకేమీ కాదని తెలుసు. అతను వద్దన్నది నాకు దక్కిందన్న తృప్తి కోసం, ఎదురుగా ఆయన దగ్గుతుంటే, పూటపూటకూ మింగాను. నాకు జ్వరం తగ్గింది. అవి లేకపోయినా తగ్గేదే.

మామగారికి తగ్గలేదు. ఆస్పత్రిలో చేర్చాం, కానీ దక్కలేదు. ఆ మాత్రలు వేసుకుని ఉంటే బతికేవారా? తెలియదు. ఎవరూ చెప్పలేరు. ఇన్నాళ్లూ ఆ మాట చాటునే దాక్కున్నాను.

పెద్దకర్మ నాడు అత్తగారు తోడల్లుణ్ణి అడిగారు, ఏం మందిచ్చారు బాబూ అని. అతను తల దించుకున్నాడు. నేను పక్కనే ఉన్నాను. నోరు తెరవలేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది, లోపల సంతోషించాను.

ఇప్పుడు రేపల్లె వెళ్తే నాకే ముందు వడ్డిస్తున్నారు. అతను రావడం తగ్గించాడు. ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే, వేరే డాక్టరుకు చూపించుకోండని లేచి వెళ్లిపోతాడు. మొన్న నా కొడుక్కి జ్వరమొస్తే కూడా అంతే అన్నాడు.

నిజం తెలిస్తే అతని బరువు దిగిపోతుంది. నాది దిగదు. అందుకు కూడా అతన్ని చూస్తే నాకు అసూయే.

ఆ మాత్రలు మామగారు వేసుకోలేదు. నేను మింగాను. ఈ మాట బయటపెట్టడం ఇదే మొదలు.