తమ్ముడి పటానికి వేసిన రంగు

మా ఇంట్లో ఎవరూ దేన్నీ ఒక్కసారి చెబితే నమ్మరు. కోసపాళయంలో మాది రంగు గుడ్డల వ్యాపారం. నీలిమందులో ముంచిన గుడ్డ ఇంటికి రాగానే మా అవ్వ, అంటే నాయనకు అమ్మ, బొటనవేలు నాలుకకు తాకించి దాని మీద గట్టిగా రుద్దేది. వేలికి నీలం అంటిందా, తెచ్చినవాడి పని అయిపోయినట్టే. పాలు పోసే ఆమెనూ, చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళనూ కూడా అలాగే తడిపి రుద్దుతుందేమోనని మేము నవ్వుకునేవాళ్ళం. "నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనాయంట" అనేది ఆమె. నాకూ ఆ గుణమే వచ్చింది.

మా ఊరిని ఏలే ఫ్రెంచివాళ్ళ పెద్ద యుద్ధానికి ఇక్కడి మగపిల్లలు ఓడలెక్కి పోతున్న రోజులవి. పోయేవాళ్ళు ఒక పటం తీయించుకుని ఇంట్లో పెట్టి పోయేవాళ్ళు. కాలువ పక్కన పటాలు తీసే ఆయనకు ఊపిరాడని పని. అది చూసి మా నాయనకూ మోజు పుట్టింది. తమ్ముడికి అప్పుడు రెండో ఏడు నడుస్తోంది. పుట్టువెంట్రుకలు తీయించే ముందు వాడికి జడ వేసి, పూలు పెట్టి పటం తీయించాలన్నాడు.

"పటం తీస్తే ఆయుస్సు తగ్గుతాదంట్రా, వద్దు" అని అవ్వ అడ్డం పడింది. నాయన వినలేదు. వాణ్ణి తీసుకుని ఆయనా అమ్మా వెళ్ళారు. నన్ను మాత్రం అవ్వకు తోడుగా ఇంట్లో వదిలేశారు. ఆ కోపం నాకు చాలాకాలం పోలేదు.

పటం ఇంటికి వచ్చిన రోజు ఇరుగుపొరుగంతా చూడ్డానికి వచ్చారు. తమ్ముడు తెల్ల గౌను వేసుకుని కుర్చీలో దర్జాగా కూర్చున్నాడు. బుగ్గలకు గులాబిరంగు, పెదవులకు ఎరుపు, జడలో పూలకు పసుపు. వెనకాల మేమెన్నడూ తొక్కని రాతిమెట్లూ, పెద్ద తోటా. వాడి ఛామనఛాయ ఎటు పోయిందో తెలియదు. దొరబిడ్డలా ఉన్నాడని అందరూ మెచ్చుకుంటుంటే నాయన పొంగిపోయాడు. నాకు మాత్రం ఆ చూపు నచ్చలేదు. అంత బుద్ధిగా చూసే కళ్ళు మా వాడివి కావు.

ఆ వానాకాలంలో జ్వరం వచ్చి తమ్ముడు పోయాడు. దాన్ని గురించి ఇంతకుమించి రాయలేను.

తర్వాత అమ్మ రోజూ పటం ముందే కూర్చునేది. ఒక మధ్యాహ్నం నాయన భోజనానికి వచ్చినప్పుడు ఉన్నట్టుండి, "వీడు నా బిడ్డ కాడు" అంది.

"ఏంది ఆ మాట?" అన్నాడు నాయన.

"వాడు కుర్చీలో నిలవటంలేదని నేను ఎనకమాల గుడ్డచాటున కూసోని నడుం పట్టుకోనుంటి గదా. నా చెయ్యి యాడ? నువ్వే చూడు, యాడుంది?"

నిజమే, పటంలో చేయి లేదు. నడుము దగ్గర గౌను కుచ్చిళ్ళే ఉన్నాయి.

"ఆయప్ప తుడిపేసుంటాడులే."

"పటం ముందు గాజుపలక మింద గదా పడేది, దాని మింద పడిన చెయ్యిని ఎట్ల తుడుపుతాడు? ఎవురో దొరల బిడ్డ పటానికి పూలజడ గీసి మనకిచ్చినాడు."

అనుమానం పెనుభూతం అంటారు. అమ్మ ఆ మాట అన్నాక పటంలో ముక్కు వేరుగా, చెవులు వేరుగా నాకూ కనిపించసాగాయి. తెల్లవాళ్ళ పిల్లలను కూడా ఆయనే తీస్తాడు కదా, ఒకరి బదులు ఇంకొకరిని అంటగట్టడం ఎంతసేపు? కానీ అమ్మ బాధ నా అనుమానం కన్నా పెద్దది. వాడి ముఖం మెల్లగా మరిచిపోతున్నానని ఆమె నాతో అప్పటికే చెప్పింది. ఉన్నది ఈ ఒక్క పటం. ఇది కూడా వాడిది కాకపోతే ఆమెకు కొడుకు ముఖం ఇక ఎక్కడా మిగలదు.

"ఇట్ల తే" అంది అవ్వ. పటాన్ని చట్రంలోంచి తీయించి, బొటనవేలు తడిపి బుగ్గ మీద రుద్దింది. గులాబిరంగు వేలికి వచ్చేసింది. ఇంకాస్త పైకి రుద్దింది. ఎడమకన్ను కూడా వచ్చేసింది.

అమ్మ కెవ్వుమంది. "పైన పటారం, లోన లొటారం" అని అవ్వ అందిగానీ ఆ వేలిని చెంగుకు తుడుచుకోలేదు. తన వేలికి అంటింది ఎవరి కన్నో ఆమెకూ తెలియదు.

ఆ మర్నాడే ముగ్గురు ఆడవాళ్ళం కాలువ దగ్గరికి వెళ్ళాం. పటాల ఆయన అరవంలో మర్యాదగానే మాట్లాడాడు. ఆ మర్యాద మీదా నాకు అనుమానమే. పిల్లల పటాలన్నీ ఇలాగే చేస్తామన్నాడు. గాజుపలక మీద పెన్సిలుతో దిద్ది తెల్లబరుస్తారట, పట్టుకున్న చేతులను కప్పేస్తారట, ఆపైన కాగితం మీద వెనకాల తోటలు గీసి, సిరాతోనూ రంగులతోనూ మెరుగులు పెడతారట.

"అట్లయితే పలక మింద దిద్దిందంతా కడిగేసి, వట్టి పటం తియ్యి సామీ" అంది అవ్వ. "మా బిడ్డవునో కాదో మేమే చూసుకుంటాం."

ఆయన తటపటాయించాడు. "కడిగితే మీరు చూడలేరమ్మా" అన్నాడు. దొంగ దొరికాడనుకున్నాను నేను.

"చూస్తా" అంది అమ్మ.

పలకను కడిగి, కాగితంతో కలిపి చట్రంలో బిగించి ఎండలో పెట్టాడు. మళ్ళీ ఎక్కడ మార్చేస్తాడోనని అవ్వా నేనూ ఆ చట్రం పక్కనే నిలబడ్డాం. కాసేపటికి కాగితాన్ని లోపలికి తీసుకుపోతే వెంట లోపలికీ వెళ్ళాం. చివరికి దాన్ని తెచ్చి తలవంచుకుని అమ్మ చేతిలో పెట్టాడు.

తోట లేదు, మెట్లు లేవు, వట్టి గోడా, వాడి వెనక అమ్మ దాక్కున్న గుడ్డా ఉన్నాయి. గౌను మీద, నడుము దగ్గర అమ్మ చేయి ఉంది. గాజులు, వేళ్ళ గణుపులు, ఉంగరం దగ్గరి మచ్చ, అన్నీ తేటగా కనిపిస్తున్నాయి. దాని పైన ముఖం ఉండాల్సిన చోట ఒక మసక ఉంది. తల అటూ ఇటూ తిప్పేసిన జాడ తప్ప అందులో కళ్ళు లేవు, ముక్కు లేదు. ఇన్నాళ్ళూ మేము చూసిన ముఖం ఆయన గీసి పెట్టిందే. అవ్వ చెంగు నోట్లో కుక్కుకుంది. నాకు ఆయన్ని రక్కాలనిపించింది.

అమ్మ ఆ మసకను ముఖానికి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తమ్ముడు పోయాక ఆమె నవ్వగా చూడటం నాకు అదే మొదటిసారి.

"వీడే" అంది. "ఒక్క చణమన్నా నిలిచినాడా, నా తండ్రి!"