అత్త మానేసిన అడ్డచుట్ట

పెద్దత్త నోటి క్యాన్సరుతో పోయాక మావాళ్లందరిదీ ఒకటే మాట: మనసు గట్టిది కాదు, అందుకే చుట్ట మానలేకపోయింది. నేనొప్పుకోను. పెళ్లినాటి నుంచీ నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని అడ్డచుట్ట కాల్చిన మనిషి, అంగిట్లో తెల్లమచ్చ ఉందని డాక్టరు చెప్పిన రోజే మానేసింది. కంచరపాలెంలో మా ఇంటి నుంచి కూరగాయల బజారు దాకా సందుకో కిళ్లీబడ్డీ. ఒక్కోటీ దాటేటప్పుడు పైటకొంగు పళ్ల మధ్య పెట్టి గట్టిగా కొరికేది.

"మా ఊర్లో సుట్ట కావాలంటే సంతకెల్లాల. ఇక్కడ సుట్టే నా ఎనకాల వొత్తంది అమ్మీ" అని నవ్వేది.

మళ్లీ చూపించడానికి వెళితే, మచ్చ తగ్గుతోందన్నాడు డాక్టరు. సంబరంగా బయటికొచ్చాం. ఆసుపత్రి గేటును ఆనుకునే ఓ బడ్డీ.

"ఏటి మామ్మా, అలా సూత్తన్నావు? మంచి సుట్టలొచ్చినాయి" అన్నాడు బడ్డీవాడు.

నేను ఆటో మాట్లాడి వెనక్కి తిరిగేసరికి అత్త పెదాల సందులోంచి పొగ.

"ఏం పని అత్తా ఇది?"

"మచ్చ తగ్గిందన్నాడు కదే, ఒక్కటే" అంది.

ఇక ఆ తర్వాత మానలేదు. తప్పంతా ఆమెదేనని తేల్చేసిన పెద్దమనుషులను ఒక్కటే అడుగుతాను: నోటి జబ్బుకు వైద్యం చేసే చోట, రోగులు నడిచే గేటు పక్కనే చుట్టలు అమ్ముకోనిచ్చిందెవరు?