నల్లగుడ్డ చుట్టిన సీసా

చిగుళ్ళ నుంచి రక్తం వస్తోందని మొన్న కృష్ణగిరి ప్రభుత్వాసుపత్రికి వెళ్ళి, చీటీ పట్టుకుని గంటసేపు వరుసలో నిలబడితే, మందులిచ్చే అమ్మాయి నారింజరంగు బిళ్ళలు చేతిలో పెట్టి, విటమిన్ సి, చప్పరించు తాతా అంది. ఆ పులుపు నాలుకకు తగలగానే తమ్ముడు గుర్తొచ్చాడు. రెండో బిళ్ళ వేసుకోలేకపోయాను.

వేప్పనపల్లి దగ్గర మా మామిడితోపులన్నీ చేతులు మారిపోయాక మాకు మిగిలింది ఒక పాత ఇల్లు, దానితోపాటు ఒక ఆచారం. ఎంత జబ్బు చేసినా వైద్యుడే మా గడపకు రావాలి తప్ప మేము ఆయన గడప తొక్కకూడదు. నాయన కాలంలో డాక్టరు జట్కాలో వచ్చి, కాళ్ళు కడుక్కుని మరీ లోపలికి వచ్చేవాడు.

తమ్ముడు ఆ ఆచారం తప్పి, నాకు చెప్పకుండా ఈ ఆసుపత్రికే వచ్చి చూపించుకున్నాడు. పేగులో క్యాన్సరు గడ్డ, ఇంకా పాకలేదు, వెంటనే కోసి తీసేస్తే బతుకుతాడన్నారట. ఆ వార్డులో నర్సు ఒకప్పటి మా తోపు కాపలావాడి కూతురని కూడా చెప్పాడు. ఆమె ముందు మావాడు పడుకోవడమా అని నాకు ఒళ్ళు మండింది.

"లైన్లో నిలబడితే తల తెగిపడతాదా అన్నా? నువ్వు ఆడ యాపచెట్టు కింద దూరంగా ఉండు, ఎవరన్నా అడిగితే నువ్వు నాకేమీ కావని చెప్తాలే" అని నవ్వినాడు వాడు.

నేను నవ్వలేదు, వాణ్ణి ఆపరేషనుకు పంపనూ లేదు. హోసూరులో విటమిన్ సి ఎక్కువ మోతాదులో నరానికి ఎక్కించి ఎంతటి రోగమైనా నయం చేస్తాడని పేరున్న ఒకాయనకు కబురు పంపాను. ఆయన కారులో వచ్చి, గడప బయటే చెప్పులు విడిచి, "మీరు యాడికీ రావద్దు దొరా, నేనే ఈడికొస్తాను" అన్నాడు. డాక్టరు చదువు చదివాడో లేదో నేను అడగలేదు. ఆ పిలుపు విని ఎన్నాళ్ళయిందో.

మందుకు వెలుతురు తగలకూడదన్నాడు. పెట్టెలోంచి నాయన నల్లకోటు తీసి, కత్తిరించి, సీసాకు చుట్టాను. తమ్ముడు మంచం మీద నుంచి దానివైపే చూసి, "నాయన కోటు సీసాకు బాగుండాదన్నా. మనకే సరిపోలేదు" అన్నాడు.

మామిడి పూత నుంచి కోతల దాకా వారానికి రెండుసార్లు సీసా కట్టాము. వాడు లేచి నిలబడలేని స్థితికి వచ్చాక, నలుగురి చేత మోయించి ఈ ఆసుపత్రికే తెచ్చాను. గడ్డ కాలేయానికి పాకింది, ఇక కోయలేమన్నారు. చివరి మూడు రోజులూ వాడి ముఖం తుడిచి, నోట్లో నీళ్ళు పోసింది ఆ కాపలావాడి కూతురే. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

మొన్న వరుసలో నిలబడి ఆ వేపచెట్టు కోసం చూశాను. కొట్టేసి, బండ్లు నిలిపేందుకు రేకులు వేశారు. నేనెవరి కొడుకునో ఆ వరుసలో ఎవరికీ తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. వెనకనున్న ఎవరో "ముందుకు జరుగప్పా" అన్నారు. జరిగాను.