గోడవతలి గూఢచారులు

మేం ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో ఉన్న ఆ కాలంలో ఒకరింటి సంగతి ఇంకొకరికి తెలియకుండా దాచడం ఎవరి తరమూ కాదు. తెలిసినా తెలియనట్టు ఉండడమే మర్యాద. ఇరవై రెండేళ్లు వచ్చినా నాకా మర్యాద అబ్బలేదని రాయడానికి ఇప్పటికీ చెయ్యి సంకోచిస్తోంది.

నేనప్పుడు మా అక్కా బావల దగ్గర ఉంటూ వర్క్‌షాపులో కొత్తగా చేరిన గుమాస్తాని. తెలుగు సంఘం వార్షికోత్సవానికి నాటకం రాస్తానని నోరు జారాను. కథ ఘనంగానే కుదిరింది: మొగుడూ పెళ్లాం ఇద్దరూ గూఢచారులే, చెరో దేశానికి పనిచేస్తుంటారు, ఒకరి గుట్టు ఒకరికి తెలియదు. రహస్య పత్రాలు, పిస్తోలు అన్నీ ఉన్నాయి, లేనిదల్లా సంసారం. వాళ్లిద్దరినీ ఒక గదిలో కూర్చోబెడితే ఏం మాట్లాడుకుంటారో నాకు తోచేది కాదు (పెళ్లికానివాడికి ఎలా తోస్తుంది).

పక్క క్వార్టర్లో, వర్క్‌షాపులో పనివాళ్ల మీద అజమాయిషీ చేసే చార్జిమేన్ మావయ్య, ఆయన భార్య అత్తయ్య ఉండేవారు. బంధువులు కారుగానీ, అక్క ఊళ్లో లేనప్పుడు నాకు అన్నం పెట్టిన మనుషులు. వాళ్లకి పొసగదని మా క్వార్టర్ల లైనంతటికీ తెలుసు. రోజూ సాయంత్రం పెరటి గోడ దగ్గర పీట వేసుకుని, చదువుకుంటున్నట్టు నటిస్తూ, వాళ్ల తగువుల్ని అక్షరం పొల్లుపోకుండా నోటుబుక్కులోకి ఎక్కించాను. అక్కడినుంచి నాటకంలోకి.

వార్షికోత్సవం నాటి ఆదివారం సాయంత్రం హాలు నిండిపోయింది. భర్త వేషం నాది. భార్య వేషానికి ఆడవాళ్లెవరూ ఒప్పుకోక, పెయింట్ షాపులో పనిచేసే స్నేహితుడొకడు మీసం తీయించుకున్నాడు. వాడు పైట సర్దుకుని, బొంగురు గొంతుతో, "డూటీ నుంచొచ్చి నాతో నాలుగు ముక్కలు మాటాడితే ఏటి అరిగిపోద్ది మీకు?" అనగానే జనం విరగబడి నవ్వారు. "బాయిలర్ సప్పుడు ఇనొచ్చిన సెవులివి. మళ్లీ నీ సప్పుడు కూడానా" అన్నాను నేను. మూడో వరసలో మావయ్యా నవ్వుతున్నాడు. "పన్నెండేళ్లయింది. నా పేరెట్టి ఒక్కసారి పిలిసినారా?" అని మావాడు అనేసరికి ఆయన నవ్వు ఆగిపోయింది. ఆడవాళ్ల వైపు మా లైను వాళ్లంతా ఒక్కొక్కరే అత్తయ్యకేసి తిరిగారు. ఆమె తల వంచుకుని ఒళ్లో చేతులు చూసుకుంటోంది. చప్పట్లు మోగుతూనే ఉన్నాయి, నాకు మాత్రం తరువాతి మాట గుర్తు రాలేదు.

మర్నాటి నుంచి గోడవతల గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. మూడు రోజులు చూసి, నాలుగోనాడు వెళ్లి గుమ్మంలో నిలబడి, "అత్తా, తప్పయిపోయింది" అన్నాను.

ఆమె బియ్యం ఏరుతూ తలెత్తలేదు. "బాగానే రాసినావు బాబూ. తగువులాడినప్పుడన్నా మేం ఒకలితో ఒకలు మాటాడుకునీవోళ్లం. ఇప్పుడదీ లేదు. నోరిప్పితే నువ్వింటావని ఆయనకి బయం, నాకు సిగ్గు."

లోపలి గదిలోంచి మావయ్య, "ఆడికి టీ ఇయ్యి" అన్నాడు. నాలుగు రోజుల్లో ఆయన ఆమెతో అన్న మొదటి మాట అదేనని అక్క తరువాత చెప్పింది.

నెల తిరిగాక ఒక సాయంత్రం ఊరవతల హిజ్లీ వైపు సైకిలు మీద వెళుతుంటే, రోడ్డు పక్కన వాళ్లిద్దరూ చేతులు తిప్పుకుంటూ, గొంతులు పెంచి, హాయిగా పోట్లాడుకుంటూ నడుస్తున్నారు. తగువు పడడానికి అంత దూరం నడిచి వస్తున్నారన్నమాట. నన్ను చూసి ఇద్దరూ టక్కున ఆగిపోయారు.

"ఏటిరా, ఇక్కడికీ వచ్చేసినావా?" అన్నాడు మావయ్య. అత్తయ్య పైట నోటికి అడ్డం పెట్టుకుంది, నవ్వు దాచుకోవడానికే అనుకుంటాను. నేను సైకిలు వెనక్కి తిప్పేశాను.

మళ్లీ నాటకం రాయలేదు. మా ఆవిడకు ఈ సంగతి ఇప్పటిదాకా చెప్పనూ లేదు, ఇది అచ్చయ్యాక చదువుతుంది. ఇరవై రెండేళ్ల ఆ కుర్రవాడి మీద, అంటే అప్పటి నా మీద, కోపం నాకింకా పూర్తిగా పోలేదు. కానీ చెవులు ఎర్రబడి, వెనక్కి చూడకుండా తొక్కుకుంటూ పోతున్న వాణ్ణి తలుచుకుంటే మాత్రం, పాపం, నవ్వొస్తుంది.